మీ పరిశోధనకు ఏ టెస్ట్ వాడాలి? ప్రశ్న రాయడం నుంచి ఫలితం రాయడం దాకా

"సార్, డేటా అంతా ఎక్సెల్‌లో ఎక్కించేశాను. ఇప్పుడు ఏ టెస్ట్ పెట్టాలి?" థీసిస్ గడువు దగ్గరపడేకొద్దీ పీజీ విద్యార్థుల నుంచి ఎక్కువగా వినిపించే ప్రశ్న ఇది. మాస్టర్ చార్ట్‌లో వంద వరుసలు, నలభై కాలమ్‌లు ఉంటాయి. కానీ అడిగినదానికి జవాబు ఆ షీట్‌లో దొరకదు. అందులో అంకెలే ఉంటాయి. ఆ అంకెలు ఎవరివి, వాళ్లను ఎలా ఎంచుకున్నారు, ఒక్కొక్కరిని ఎన్నిసార్లు కొలిచారు, అసలు ఏం తెలుసుకుందామని మొదలుపెట్టారు అన్నవి షీట్ బయట ఉంటాయి. టెస్ట్‌ను నిర్ణయించేవి అవే.

అందుకే ఈ పని సినాప్సిస్, అంటే పరిశోధన ప్రణాళిక, రాసే రోజుల్లోనే జరగాలి. ఇంకో మాట కూడా ముందే చెబుతాను. మన విద్యార్థులు "నా డేటా నార్మల్‌గా ఉందా లేదా" అని, అంటే అంకెలు సగటు చుట్టూ గంట ఆకారంలో పరుచుకున్నాయా అని, చాలా టెన్షన్ పడతారు. అందులో సగం శ్రద్ధ "నా వరుసలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయా" అన్నదాని మీద పెడితే థీసిస్‌లు చాలావరకు బాగుపడతాయి. ఊరికే చెప్పడం కాదు, మూడో అడుగులో అసలు అంకెలతోనే చూపిస్తాను.

మొదటి అడుగు: ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయండి

"డయాబెటిస్ రోగుల్లో విటమిన్ డి పాత్ర" అన్నది శీర్షిక, ప్రశ్న కాదు. "టైప్ 2 డయాబెటిస్ ఉన్నవాళ్లకు మూడు నెలలు విటమిన్ డి ఇస్తే, ఇవ్వనివాళ్లతో పోలిస్తే హెచ్‌బీఏ1సీ ఎక్కువగా తగ్గుతుందా?" అన్నది ప్రశ్న. ఈ వాక్యం రాశామంటే సగం పని అయినట్టే. ఫలితంగా చూసేది హెచ్‌బీఏ1సీ, అంటే గత రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే ఒక సంఖ్య. గ్రూపులు రెండు, వాటిలో ఉన్నది వేర్వేరు మనుషులు. ప్రతి మనిషినీ రెండుసార్లు కొలుస్తున్నాం. టెస్ట్ పేరు ఇంకా అనుకోకపోయినా, ఏవి పనికిరావో తెలిసిపోయింది.

ప్రశ్న ఏ రకానిదో కూడా పక్కన రాసుకోండి. గ్రూపుల మధ్య తేడా ఉందా అని అడుగుతున్నారా? రెండు విషయాల మధ్య సంబంధం చూస్తున్నారా? రెండు పరికరాలు ఒకే రీడింగ్ ఇస్తున్నాయా అని చూస్తున్నారా? లేక "ఈ మండలంలో గర్భిణుల్లో రక్తహీనత ఎంత శాతం" లాంటి లెక్కా? చివరి రకం ప్రశ్నకు టెస్టే అక్కర్లేదు. శాతం, దాని 95% కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ (అసలు విలువ ఉండగల పరిధి) ఇస్తే సరిపోతుంది. ఇలాంటి సర్వేల్లో కూడా ప్రతి టేబుల్ కింద పీ విలువ (నిజంగా తేడా లేకపోయినా ఇంత లేదా ఇంతకంటే పెద్ద తేడా యాదృచ్ఛికంగా కనిపించే అవకాశం) తగిలించడం అలవాటైపోయింది. వదిలేయాల్సిన అలవాటు అది.

వాక్యంలో రెండు ఫలితాలు కనిపిస్తే అవి రెండు ప్రశ్నలు. ఏది ప్రధానమో అప్పుడే గుర్తు పెట్టండి.

రెండో అడుగు: ఫలితం ఏ రకం కొలత?

బీపీ, హిమోగ్లోబిన్, ఎకరా దిగుబడి వంటివి సంఖ్యలు. "తక్కువ, మధ్యస్థం, ఎక్కువ" అన్నవి వరుస ఉన్న వర్గాలు. వీటిలో ఏది ముందో ఏది తర్వాతో తెలుస్తుంది గానీ మధ్య దూరం ఎంతో తెలియదు. బ్లడ్ గ్రూపు, జిల్లా, పంట రకం వరుస లేని వర్గాలు. ఉంది/లేదు, పాస్/ఫెయిల్ లాంటివి రెండే వర్గాలు. ఏడాదికి ఎన్నిసార్లు ఆస్తమా అటాక్ వచ్చింది అన్నది లెక్కింపు. ఆపరేషన్ అయ్యాక ఎన్ని నెలలకు జబ్బు తిరగబెట్టింది అన్నది కాలం. ఈ చివరి దాని దారే వేరు, తర్వాత చెబుతాను.

ఎక్సెల్‌లో మగవాళ్లకు 1, ఆడవాళ్లకు 2 అని కోడ్ ఇచ్చినంత మాత్రాన అది సంఖ్య అయిపోదు. దీనికి ఎదురు తప్పు కూడా తరచూ కనిపిస్తుంది. చక్కగా సంఖ్యగా కొలిచిన బీపీని "140 పైన", "140 లోపల" అని రెండు ముక్కలు చేసి కై-స్క్వేర్ (వర్గాల్ని పోల్చే టెస్ట్) పెడతారు. అప్పుడు 139 ఉన్న మనిషి, 141 ఉన్న మనిషి వేర్వేరు గూళ్లలో పడతారు. 141 ఉన్నవాడూ 200 ఉన్నవాడూ ఒకే గూట్లో ఉంటారు. కష్టపడి సేకరించిన సమాచారాన్ని మనమే పారేసుకోవడం ఇది. సంఖ్యగా కొలిచినదాన్ని సంఖ్యగానే వాడండి.

మూడో అడుగు: వరుసల మధ్య ముడి ఉందా?

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం. పెద్ద తప్పులు జరిగేది ఇక్కడే.

డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు కంపెనీలో పనిచేసిన విలియం సీలీ గోసెట్ 1908లో 'స్టూడెంట్' అన్న కలం పేరుతో ఒక వ్యాసం ప్రచురించాడు. రెండు సగటుల తేడాను పరీక్షించే టీ-టెస్ట్‌కు పునాది అదే. అందులో ఉదాహరణగా వాడిన డేటా కుష్నీ, పీబుల్స్ అనే పరిశోధకులు 1905లో ప్రచురించినది. పదిమంది రోగులకు రెండు నిద్రమందులూ ఇచ్చి చూశారు. మందు లేని రాత్రుల కంటే ఎన్ని గంటలు ఎక్కువ నిద్రపోయారన్నది కొలత. రోగుల వరుసలోనే ఆ అంకెలు ఇవి:

మొదటి మందు: 0.7, −1.6, −0.2, −1.2, −0.1, 3.4, 3.7, 0.8, 0.0, 2.0

రెండో మందు: 1.9, 0.8, 1.1, 0.1, −0.1, 4.4, 5.5, 1.6, 4.6, 3.4

సగటులు 0.75 గంటలు, 2.33 గంటలు. తేడా 1.58 గంటలు. రెండు కాలమ్‌లు చూసి, ఇవి రెండు వేర్వేరు గ్రూపులనుకుని ఇండిపెండెంట్ టీ-టెస్ట్ పెట్టారనుకోండి. టీ విలువ 1.86, పీ విలువ 0.079 వస్తాయి. వాడుకలో ఉన్న గీత 0.05 దాటింది కాబట్టి "మందుల మధ్య తేడా కనిపించలేదు" అని థీసిస్‌లో రాసేస్తారు.

కానీ ఇవి ఇరవై మంది అంకెలు కావు, పదిమందివి. ప్రతి మనిషికీ తన రెండో మందు నుంచి మొదటి మందు తీసేస్తే వచ్చే తేడాలు ఇవి: 1.2, 2.4, 1.3, 1.3, 0.0, 1.0, 1.8, 0.8, 4.6, 1.4. ఒక్కటి కూడా సున్నా కంటే తక్కువ లేదు. ఈ తేడాల మీద పెయిర్డ్ టీ-టెస్ట్ పెడితే టీ విలువ 4.06, పీ విలువ 0.0028. తేడాకు 95% కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ 0.70 నుంచి 2.46 గంటలు. అంకెలు మారలేదు, తీర్పు తారుమారైంది.

కారణం అంకెల్లోనే కనిపిస్తుంది. ఏడో రోగికి మొదటి మందుతోనే 3.7 గంటలు పెరిగింది. రెండో రోగికి అదే మందుతో 1.6 గంటలు తగ్గింది. మనిషికీ మనిషికీ ఉన్న ఈ పెద్ద తేడాలో మందుకూ మందుకూ ఉన్న తేడా మునిగిపోయింది. ఎవరితో వాళ్లనే పోల్చగానే అది పైకి తేలింది.

ఇప్పుడు నార్మల్ సంగతి. తొమ్మిదో రోగి తేడా 4.6 కాస్త విడిగా కనిపిస్తోంది కదా, నాన్-పారామెట్రిక్ టెస్ట్ (అసలు అంకెలకు బదులు వాటి ర్యాంకుల్ని వాడేది) పెడితే ఎలా ఉంటుందని ఎవరైనా అడగవచ్చు. ముడిని గుర్తించి విల్కాక్సన్ సైన్డ్ ర్యాంక్ టెస్ట్ పెడితే పీ విలువ 0.009. ముడిని మరచిపోయి మాన్-విట్నీ పెడితే 0.069. అంటే పారామెట్రిక్ వాడినా, నాన్-పారామెట్రిక్ వాడినా ఇక్కడ తీర్పు మారలేదు. ముడిని గుర్తించారా లేదా అన్నదే మార్చింది. మొదట్లో టెన్షన్ ఎక్కడ పెట్టాలో చెప్పింది ఇందుకే.

ముడి ఎక్కడెక్కడ ఉంటుందో చూడండి. చికిత్సకు ముందు, తర్వాత కొలిచిన ఒకే మనిషి. ఒకే మనిషి రెండు కళ్లు. వయసు, ఊరు సరిపోల్చి జత చేసిన రోగి, ఆరోగ్యవంతుడు. ఒకే మొక్క నుంచి తెంపిన పది ఆకులు. ఒకే శాంపిల్‌ను ల్యాబ్‌లో మూడుసార్లు చూసిన రీడింగ్‌లు. ఒకే స్కూల్లో చదివే పిల్లలు.

నిద్రమందుల్లో ముడిని మరచిపోతే ఉన్న తేడా దాగిపోయింది. గుంపుల విషయంలో దీనికి సరిగ్గా ఎదురు జరుగుతుంది, లేని తేడా ఉన్నట్టు కనిపిస్తుంది. 20 తరగతుల్లో తరగతికి 30 మంది చొప్పున 600 మంది పిల్లలున్నారనుకోండి. కొత్త బోధన పద్ధతి సగం తరగతులకు ఇచ్చారు. ఒకే తరగతి పిల్లల మార్కులు ఒకరివి ఒకరితో కాస్త పోలి ఉంటాయి, టీచరు ఒక్కరే కాబట్టి. ఆ పోలిక 0.05 మాత్రమే అనుకుందాం. దీన్ని ఇంట్రాక్లాస్ కోరిలేషన్ అంటారు. అప్పుడు డిజైన్ ఎఫెక్ట్ 1 + (30 − 1) × 0.05, అంటే 2.45. 600ను 2.45తో భాగిస్తే 245. మీ చేతిలో 600 మంది ఉన్నా, సమాచారం 245 మందికి సరిపడా మాత్రమే ఉంది. మామూలు టీ-టెస్ట్ మాత్రం 600 మందీ విడివిడి అనుకుని లెక్కేస్తుంది. ఇలాంటి చోట మిక్స్‌డ్ మోడల్ (ముడిని కూడా లెక్కలోకి తీసుకునే పద్ధతి) వాడాలి. అది కుదరకపోతే ఒక్కో తరగతి సగటునే ఒక్కో అంకెగా తీసుకుని టీ-టెస్ట్ చేసినా తప్పు లేదు. ఆకుల విషయంలోనూ అంతే. ఎరువు వేసింది మొక్కకైతే మొక్కే లెక్క, ఆకు కాదు.

ముందు-తర్వాత కొలతలు, పైగా కంట్రోల్ గ్రూపు ఉన్న అధ్యయనాల్లో ఒక పొరపాటు పదేపదే కనిపిస్తుంది. మందు గ్రూపులో పెయిర్డ్ టీ-టెస్ట్ చేస్తారు, పీ విలువ 0.03. కంట్రోల్ గ్రూపులో మళ్లీ అదే, పీ విలువ 0.08. "మందు గ్రూపులో మార్పు ఉంది, కంట్రోల్‌లో లేదు, కాబట్టి మందు పనిచేసింది" అని రాస్తారు. ఈ రెండు గ్రూపుల మార్పుల్ని ఎక్కడా పోల్చనే లేదు. చేయాల్సింది ఒక్కొక్కరి మార్పును లెక్కగట్టి, ఆ మార్పుల మీద రెండు గ్రూపుల మధ్య టీ-టెస్ట్. ఇంకా మంచిది ఏంకోవా. అందులో తర్వాతి కొలత ఫలితం, మొదటి కొలత సర్దుబాటు అంశం. విటమిన్ డి ప్రశ్నకు నేను చెప్పేది ఇదే.

నాలుగో అడుగు: ఫలితం సంఖ్య అయితే

ముడి సంగతి తేలాక ఇక్కడ పని తేలిక.

రెండు వేర్వేరు గ్రూపులైతే టీ-టెస్ట్, అందులోనూ వెల్చ్ రకం. సాఫ్ట్‌వేర్‌లో "ఈక్వల్ వేరియన్సెస్ నాట్ అస్యూమ్డ్" అని వచ్చే వరుస అదే. లెవీన్ టెస్ట్ (రెండు గ్రూపుల చెదురు సమానమా అని చూసేది) చూసి ఏ వరుస చదవాలో నిర్ణయించే పద్ధతి పాతది. మొదటినుంచీ వెల్చ్‌నే వాడితే, రెండు గ్రూపుల చెదురు సమానమైనా కాకపోయినా పెద్దగా నష్టం లేదు. ముడిపడిన రెండు కొలతలైతే పెయిర్డ్ టీ-టెస్ట్.

మూడు అంతకంటే ఎక్కువ గ్రూపులైతే ఏనోవా (అన్ని సగటుల్నీ ఒకేసారి పోల్చే టెస్ట్). రెండేసి గ్రూపులు తీసుకుని టీ-టెస్ట్‌లు పెట్టుకుంటూ పోకండి. నాలుగు గ్రూపులకు ఆరు జతలు వస్తాయి. ఆరుసార్లు 5% ప్రమాదం తీసుకుంటే, ఎక్కడో ఒకచోట లేని తేడా కనిపించే అవకాశం పావు వంతుకు చేరుతుంది. ఏనోవాలో తేడా తేలాక అన్ని జతల్నీ పోల్చాలంటే టుకీ, అన్నింటినీ ఒక్క కంట్రోల్‌తోనే పోల్చాలంటే డన్నెట్.

ఏనోవా పుట్టింది పొలంలో. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 1919లో చేరిన రోనాల్డ్ ఫిషర్ పంట ప్రయోగాల కోసం దాన్ని తీర్చిదిద్దాడు. మన వ్యవసాయ విద్యార్థులు వేసే ఆర్‌బీడీ (రాండమైజ్డ్ బ్లాక్ డిజైన్, ఒకే తీరు మడుల్ని ఒక బ్లాక్‌గా చేయడం) లేఅవుట్ అక్కడినుంచి వచ్చిందే. అందులో బ్లాక్ చేసే పని, నిద్రమందుల్లో రోగి చేసిన పనే. కాలువ పక్క మడులకూ మెరక మడులకూ ఉండే తేడాను పక్కకు తీసి, రకాల మధ్య తేడాను చూపిస్తుంది. బ్లాక్‌లుగా వేసి విశ్లేషణలో బ్లాక్‌ను వదిలేస్తే ఆ శ్రమంతా వృథా. సీడీ (క్రిటికల్ డిఫరెన్స్, తేడా ఎంత దాటితే లెక్కలోకి వస్తుందో చెప్పే గీత) విలువతో రకాల్ని పోల్చేముందు ఏనోవా ఎఫ్ టెస్ట్‌లో తేడా తేలిందో లేదో చూసుకోండి.

ఒకే మనిషిని మూడు నాలుగుసార్లు కొలిస్తే రిపీటెడ్ మెజర్స్ ఏనోవా. మధ్యలో కొందరు రావడం మానేస్తే, ఇక్కడ జరిగేది అదే కదా, మిక్స్‌డ్ మోడల్ మేలు. ఒక్క విజిట్ తప్పిన మనిషిని పూర్తిగా తీసేయాల్సిన పని ఉండదు.

ఐదో అడుగు: నార్మల్ సంగతి

టీ-టెస్ట్‌కు అసలు డేటా అంతా గంట ఆకారంలో ఉండాలన్న నియమం లేదు. పెయిర్డ్‌లో చూడాల్సింది తేడాల్ని, ఏనోవాలో, రిగ్రెషన్‌లో (అనేక అంశాలతో ఫలితాన్ని వివరించే మోడల్) చూడాల్సింది మోడల్ వివరించగా మిగిలిన భాగాన్ని, అంటే రెసిడ్యువల్స్‌ని. గ్రూపుకు ముప్ఫై నలభై మంది దాటి, అంకెలు మరీ ఒకవైపుకు సాగిపోకుండా ఉంటే టీ-టెస్ట్ తట్టుకుంటుంది.

డేటా నార్మల్‌గా ఉందా అని చూసే షాపిరో-విల్క్ టెస్ట్ ఒక్కదాన్నే నమ్ముకోవడం మంచిది కాదు. శాంపిల్ చిన్నదైతే, నార్మల్ నుంచి నిజంగా వంకర ఉన్నా అది పట్టుకోలేదు. శాంపిల్ వెయ్యి దాటితే పట్టించుకోనక్కర్లేని చిన్న వంకరకూ అభ్యంతరం చెబుతుంది. హిస్టోగ్రామ్, క్యూ-క్యూ ప్లాట్ (అంకెలు నార్మల్ అయితే చుక్కలు తిన్నటి గీత మీద పడే పటం) గీసి కళ్లతో చూడండి.

ఆస్పత్రిలో ఉన్న రోజులు, కుటుంబ ఆదాయం, ట్రైగ్లిజరైడ్‌లు లాంటివి దాదాపు ఎప్పుడూ కుడివైపుకు సాగి ఉంటాయి. వీటికి లాగ్ తీసుకుంటే చాలాసార్లు సర్దుకుంటాయి. లేదంటే ర్యాంకుల దారి పట్టవచ్చు. రెండు వేర్వేరు గ్రూపులకు మాన్-విట్నీ, ముడిపడిన జతకు విల్కాక్సన్ సైన్డ్ ర్యాంక్, మూడు పైగా గ్రూపులకు క్రుస్కల్-వాలిస్, ముడిపడిన మూడు పైగా కొలతలకు ఫ్రీడ్‌మన్. వరుస ఉన్న వర్గాలకు కూడా ఇవే తగినవి. మాన్-విట్నీ మధ్యగతాల తేడాను చూస్తుందని చాలాచోట్ల రాస్తారు. రెండు గ్రూపుల ఆకారం ఒకేలా ఉంటేనే ఆ మాట నిజం. మామూలుగా అది చెప్పేది, ఒక గ్రూపు అంకెలు రెండో గ్రూపు అంకెల కంటే ఎక్కువగా ఉండే ధోరణి ఉందా అన్నదే.

ఆరో అడుగు: ఫలితం వర్గాలైతే

1954లో అమెరికాలో సాల్క్ పోలియో టీకా పరీక్ష జరిగింది. ప్లాసిబో ఇచ్చిన ప్రాంతాల్లో 2,00,745 మంది పిల్లలకు టీకా, 2,01,229 మందికి ఉత్త ఇంజెక్షన్ వేశారు. పోలియో సోకినవాళ్లు టీకా గ్రూపులో 57 మంది, రెండో గ్రూపులో 142 మంది. టీకా వల్ల తేడా లేదనుకుంటే మొత్తం 199 కేసులూ దాదాపు సగం సగం, అంటే 99 చొప్పున పంచుకోవాలి. వచ్చినవి 57, 142. కార్ల్ పియర్సన్ 1900లో ఇచ్చిన కై-స్క్వేర్ ఈ ఎడాన్నే కొలుస్తుంది. ఇక్కడ దాని విలువ దాదాపు 36. రెండు వరుసలు, రెండు నిలువుల టేబుల్‌కు, అంటే ఒక డిగ్రీ ఆఫ్ ఫ్రీడమ్‌కు, 3.84 దాటితేనే 5% గీత దాటినట్టు. కాబట్టి ఇది యాదృచ్ఛికం అనడానికి వీల్లేదు.

కై-స్క్వేర్‌కు ఇవ్వాల్సింది మనుషుల సంఖ్య, శాతాలు కాదు. శాతాలు ఇస్తే ప్రతి గ్రూపులోనూ వందమందే ఉన్నారనుకుని లెక్కేస్తుంది. ఒక మనిషి ఒక్క గడిలోనే ఉండాలి. గడుల్లో ఆశించిన సంఖ్య, గమనించిన సంఖ్య కాదు, 5 కంటే తక్కువైతే ఫిషర్ ఎగ్జాక్ట్ టెస్ట్ వాడండి.

ఈ టెస్ట్ వెనకున్న ఆలోచనను ఫిషర్ 1935లో ఒక టీ ప్రయోగంతో వివరించాడు. కప్పులో ముందు పాలు పోశారో, ముందు టీ పోశారో రుచి చూసి చెప్పగలనని ఒకామె అంది. ఎనిమిది కప్పులు పెట్టి, నాలుగింటిలో ముందు పాలు పోస్తారు, ఆ నాలుగూ ఏవో ఆమె చెప్పాలి. ఎనిమిదిలో నాలుగు ఎంచుకోవడానికి 70 మార్గాలున్నాయి. నాలుగూ సరిగ్గా చెబితే, ఊరికే గుడ్డిగా చెప్పి అలా రావడానికి అవకాశం 70లో 1, అంటే 0.014. నాలుగింట్లో మూడే చెప్పగలిగితే? అలాంటి మార్గాలు 16, నాలుగూ సరైనది 1, కలిపి 70లో 17, అంటే 0.24. ఒక్క కప్పు తప్పినా రుజువు చేతికి చిక్కదు. చిన్న శాంపిల్‌తో థీసిస్ మొదలుపెట్టేవాళ్లు ఈ లెక్కను ఒకసారి కాగితం మీద వేసి చూసుకోవాలి.

ముడిపడిన అవును-కాదులకు కై-స్క్వేర్ పనికిరాదు, మెక్‌నెమార్ కావాలి. వందమంది తల్లులకు ఓఆర్ఎస్ కలిపే పద్ధతి మీద శిక్షణ ఇచ్చారనుకుందాం. ముందూ తర్వాతా తెలిసినవాళ్లు 50, రెండుసార్లూ తెలియనివాళ్లు 20. వీళ్లు శిక్షణ గురించి ఏమీ చెప్పరు. కొత్తగా నేర్చుకున్నవాళ్లు 25, తెలిసినది మరచినవాళ్లు 5. లెక్కంతా ఈ ముప్ఫైమందిదే. తేడా 20, దాని వర్గం 400, దాన్ని 30తో భాగిస్తే 13.3. ఇదీ 3.84తోనే పోల్చాలి.

ఏడో అడుగు: సంబంధం కోసం చూస్తుంటే

రెండూ సంఖ్యలై, సంబంధం తిన్నటి గీతలా ఉంటే పియర్సన్ సహసంబంధం (కోరిలేషన్). వంకరగా పెరుగుతున్నా, వరుస వర్గాలైనా స్పియర్‌మన్. ముందు స్కాటర్ ప్లాట్ గీయకుండా ఏదీ లెక్కించకండి. 1973లో ఫ్రాన్సిస్ ఆన్స్‌కోమ్ నాలుగు చిన్న డేటా సెట్‌లు తయారుచేశాడు. నాలుగింటికీ సహసంబంధం 0.816 దగ్గరే. గీసి చూస్తే ఒకటి మామూలు చుక్కల గుంపు, ఒకటి వంపు తిరిగిన గీత, ఒకదాంట్లో తిన్నటి గీత నుంచి ఒక చుక్క తప్పిపోయింది, నాలుగోదాంట్లో ఒకే ఒక్క చుక్క మొత్తం సంబంధాన్ని సృష్టించింది.

రెండు బీపీ యంత్రాలు ఒకే రీడింగ్ ఇస్తున్నాయా అన్న ప్రశ్నకు మాత్రం సహసంబంధం జవాబు కాదు. ఒక యంత్రం ప్రతిసారీ 20 ఎక్కువ చూపించినా సహసంబంధం 1 రావచ్చు. సంఖ్యలకు బ్లాండ్-ఆల్ట్‌మన్ పద్ధతి, వర్గాలకు కప్పా వాడండి.

మధ్యలో మూడో విషయం దూరితే టెస్ట్ సరైనదైనా జవాబు తప్పుతుంది. 1973లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో పీజీ ప్రవేశాల్లో మగవాళ్లకు 44% సీట్లు వచ్చాయి, ఆడవాళ్లకు 35%. కై-స్క్వేర్ పెడితే తేడా స్పష్టం. కానీ విభాగాల వారీగా చూస్తే అడ్డం తిరిగింది. పెద్ద విభాగాల్లో ఒకదాంట్లో దరఖాస్తు చేసిన మగవాళ్లలో 62%, ఆడవాళ్లలో 82% మందికి సీటు వచ్చింది. సీటు దొరకడం కష్టమైన విభాగాలకు ఆడవాళ్లు ఎక్కువగా దరఖాస్తు చేశారు, మొత్తం శాతం అందుకే పడిపోయింది.

ఇలాంటి మూడో విషయాలు ఉంటాయని ముందే తెలిస్తే రిగ్రెషన్ వైపు వెళ్లండి. ఫలితం సంఖ్య అయితే లీనియర్, అవును-కాదు అయితే లాజిస్టిక్, లెక్కింపు అయితే పాయిసాన్, కాలం అయితే కాక్స్. లాజిస్టిక్ ఔట్‌పుట్‌లో ఎస్‌పీఎస్‌ఎస్ సాఫ్ట్‌వేర్ 'స్కోర్' అని ఒక కాలమ్ చూపిస్తుంది. విశాఖలోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం ఎం.ఏ. చదివిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు 1948లో ప్రపంచానికి ఇచ్చిన స్కోర్ టెస్ట్ అదే. కై-స్క్వేర్‌ను కూడా ఆ కుటుంబంలో ఒకటిగా చూపించవచ్చు. మన విద్యార్థులు రోజూ చూసే అంకె వెనక ఎవరున్నారో వాళ్లకు తెలియాలని నాకు ఆశ.

కాలం ఫలితమైన చోట, అధ్యయనం ముగిసేనాటికి ఇంకా జబ్బు తిరగబెట్టనివాళ్లు ఉంటారు. వాళ్లకు ఎన్ని నెలలని రాయాలి? సగటు తీయలేం, వాళ్లను తీసేయలేం. అందుకే కప్లాన్-మెయర్ గీతలు (జబ్బు తిరగబెట్టనివాళ్ల శాతం కాలంతో ఎలా తగ్గుతుందో చూపేవి), వాటిని పోల్చడానికి లాగ్-ర్యాంక్ టెస్ట్.

ఎనిమిదో అడుగు: ఎన్ని టెస్టులు పెడుతున్నారో లెక్కపెట్టండి

నిజంగా ఏ తేడా లేని చోట విడివిడిగా ఇరవై టెస్టులు పెడితే, కనీసం ఒకదాంట్లో పీ విలువ 0.05 లోపు వచ్చే అవకాశం 64%. నలభై కాలమ్‌ల మాస్టర్ చార్ట్‌లో ప్రతిదాన్నీ ప్రతిదాంతో పోల్చి, పీ విలువ 0.05 లోపు ఉందని తెలిపే నక్షత్రం గుర్తు వచ్చినవాటిని ఏరి చర్చలో రాస్తే, వాటిలో చాలావరకు ఇలా వచ్చినవే అయ్యుంటాయి. మొదటి అడుగులో గుర్తు పెట్టిన ప్రధాన ఫలితానికి పూర్తి బరువు ఇవ్వండి. మిగతావి ప్రాథమిక పరిశీలనలని నిజాయితీగా రాయండి. అన్నింటికీ సమాన బరువు కావాలంటే బాన్‌ఫెరోనీ సవరణ ఉంది. ఇరవై టెస్టులకు గీత 0.05 నుంచి 0.0025కు దిగుతుంది.

రాసేటప్పుడు

మెథడాలజీలో "తగిన స్టాటిస్టికల్ టెస్టులు వాడాం, పీ విలువ 0.05 కంటే తక్కువైతే ముఖ్యమైనదిగా భావించాం" అన్న వాక్యం ఎవరికీ ఏమీ చెప్పదు. ఇలా రాయండి: "రెండు మందులతో పెరిగిన నిద్ర గంటల్ని ఒకే రోగిలో పోల్చాం కాబట్టి పెయిర్డ్ టీ-టెస్ట్ వాడాం. తేడాల్ని క్యూ-క్యూ ప్లాట్‌తో పరిశీలించాం. విల్కాక్సన్ సైన్డ్ ర్యాంక్ టెస్ట్‌తో సరిచూశాం." ఫలితాల్లో: "రెండో మందుతో సగటున 1.58 గంటలు ఎక్కువ నిద్ర పట్టింది, 95% కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ 0.70 నుంచి 2.46, పీ విలువ 0.003." తేడా ఎంతో ముందు చెప్పి, పీ విలువను చివర పెట్టండి. చదివే డాక్టరుకు కావాల్సింది ఎన్ని గంటలన్నదే. పీ విలువ 0.05 దాటితే "తేడా లేదు" అని రాయకండి. ఇంటర్వల్ వెడల్పుగా ఉంటే, తేడా ఉందో లేదో ఈ శాంపిల్‌తో తేలలేదని రాయండి.

టెస్ట్ ముందే ఖరారైతే శాంపిల్ సైజు లెక్క కూడా నేరుగా వస్తుంది. ఎందుకంటే ఆ లెక్క టెస్ట్‌ను బట్టే ఉంటుంది. హిమోగ్లోబిన్‌లో 0.5 గ్రాముల తేడా పట్టుకోవాలి, స్టాండర్డ్ డీవియేషన్ (అంకెల చెదురు) 1.2 గ్రాములు అనుకుందాం. రెండు వేర్వేరు గ్రూపుల టీ-టెస్ట్‌కు, 80% పవర్‌తో (ఆ తేడా నిజంగా ఉంటే పట్టుకునే అవకాశం), గ్రూపుకు కావాల్సినవాళ్లు సుమారు 16 × 1.2² ÷ 0.5², అంటే 93 మంది. పదిశాతం మంది మధ్యలో మానేస్తారనుకుంటే 93ను 0.9తో భాగించి గ్రూపుకు 104 మందిని తీసుకోవాలి. అదే తేడాను ఒకే మనుషుల్లో, రెండు మందులూ ఒకదాని తర్వాత ఒకటి ఇచ్చి చూస్తే, తేడాల స్టాండర్డ్ డీవియేషన్ 1.0 అనుకుంటే, 8 × 1.0² ÷ 0.5², అంటే 32. చిన్న శాంపిల్‌కు సర్దుబాటుగా ఇద్దరిని కలిపి 34, మానేసేవాళ్లకు చోటు వదిలి 38 మంది. మొదటి మందు ప్రభావం రెండోదానిలోకి పాకకుండా మధ్యలో తగినంత విరామం ఇవ్వగలిగితేనే ఈ రెండో దారి పట్టండి. ఐరన్ మాత్రల లాంటి వాటికి అది కుదరదు. కాబట్టి అక్కడ గ్రూపుకు 104 మందికే సిద్ధపడి, సినాప్సిస్‌లో ఆ లెక్కను అంకెలతో సహా చూపించండి.